కొసరు

జులై 3

ఊరందరి ముందు నా కొడుకుది ఎరుపు అని తేల్చేశారు.

అంగన్‌వాడీ టీచరు సునీత నెలనెలా తూకం వేస్తూనే ఉంటుంది. "కొంచెం తగ్గినాడు లక్ష్మీ, తినిపించు" అని చెవిలో చెప్పి ఊరుకునేది. ఈసారి హైదరాబాదు నుంచి అనురాధ మేడమ్ వచ్చింది. పిల్లల తిండి మీద పరిశోధనట. పుల్లలచెరువు మండలంలో పిల్లలు ఏం తింటున్నారు, తినని వాళ్ళు ఎందుకు తినడం లేదు, అదంతా చూస్తుందట. పిల్లల్ని ఒక్కొక్కరినే తన యంత్రం మీద నిలబెట్టి, గోడకు పెద్ద అట్ట తగిలించి, పేరు పక్కన రంగు బిళ్ళలు అంటించింది. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. పసుపు అయితే జాగ్రత్త పడాలి. ఎరుపు సంగతి చెప్పక్కర్లేదు. మా మోక్షిత్‌కు ఎరుపు. కూలికి పోయే ప్రేమకుమారి కూతురు కెజియాకు ఆకుపచ్చ.

ఇద్దరూ ఒకే నెలలో పుట్టారు, నాలుగేళ్ళు నిండబోతున్నాయి. మాది అంగడి ఇల్లు. ముందు గది నిండా బియ్యం, బెల్లం, బిస్కెట్లు, పాల పొడి. ఊళ్ళో ఎవరింట్లోనూ లేనంత తిండి మా ఇంట్లో ఉంది. అలాంటి ఇంటి బిడ్డ ఎండిపోయి, రేషను బియ్యం తినే ఇంటి బిడ్డ బూరెల్లాంటి బుగ్గలతో తిరగడమా? యంత్రం కొత్తదైనంత మాత్రాన నిజమే చెబుతుందని ఎక్కడుంది?

ప్రేమ నన్ను చూసి నవ్వింది. మామూలుగా నవ్విందేమో. నాకు మాత్రం వెక్కిరింతలాగే కనపడింది.

జులై 4

మా అత్త ఆదెమ్మ గొర్రెల్ని దొడ్లో తోలి వచ్చి విషయం విన్నది. "చక్కనమ్మ చిక్కినా అందమే లేమ్మా. శివుడు గూడ చిన్నప్పుడు ఇట్లనే ఉన్నాడు" అంది. శివుడంటే మా ఆయన శివకృష్ణ. ఇప్పుడు ఆయన పొట్ట చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. తర్వాత ఉప్పూ మిరపకాయలూ తెచ్చి వాడికి దిష్టి తీసింది. ఎవరి కళ్ళు పడ్డాయో పేరు చెప్పలేదు కానీ, ప్రేమ ఇంటి వైపు చూసి ఉమ్మింది.

ఈ రోజు వాడు తిన్నది: పొద్దున పాలు, రెండు బిస్కెట్లు. తర్వాత వేళ్ళకు తొడుక్కుని తినే కారం రింగుల పాకెట్టు ఒకటి, అది తిండి కింద లెక్క కాదు. మధ్యాహ్నం ఫోన్లో బొమ్మలు పెట్టి, ఇల్లంతా వెంట తిరిగి, ముక్కు మూసి నాలుగు ముద్దలు పెట్టాను. కక్కేశాడు. సాయంత్రం ఏడుస్తుంటే ఇంకో పాకెట్టు. నాకంటే కష్టపడే తల్లి ఎవరో చూపించమనండి.

జులై 9

మేడమ్ ఇంటికొచ్చింది. బాబు ఎప్పుడెప్పుడు తింటాడు, ఎవరు తినిపిస్తారు, తినకపోతే ఏం చేస్తావు అని అడిగింది. "పాకెట్లు తింటాడా?" అంది. "ఎప్పుడైనా ఒకటి మేడమ్" అన్నాను. సరిగ్గా అప్పుడే వాడు బల్లెక్కి తోరణంలా వేలాడదీసిన పాకెట్ల వరస నుంచి ఒకటి తెంపుకున్నాడు. మేడమ్ చూసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అసలు పిడుగు తర్వాత పడింది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఊళ్ళో పేదవాళ్ళ ఇళ్ళలోనే ఎవరి బిడ్డ బాగా ఎదుగుతోందో చూసి, ఆ తల్లి ఏం చేస్తోందో మిగిలిన తల్లులు ఆమె ఇంట్లోనే కూర్చుని నేర్చుకోవాలట. తలా పిడికెడు సరుకు తీసుకెళ్ళి, అక్కడే వండి, అక్కడే పిల్లలకు పెట్టాలి. మా ఊళ్ళో ఆ తల్లి ప్రేమకుమారి.

ప్రేమకుమారి పదో తరగతి తప్పింది. నేను మార్కాపురంలో బీఎస్సీ చదివాను. విటమిన్లన్నీ ఏ నుంచి కె దాకా నాకు వచ్చు.

జులై 15

మొదటి రోజు. వెళ్ళేటప్పుడు అత్త గొడవ. "వాళ్ళింట్లో కూసోని మన బిడ్డ తినేదేంది? ఊరు ఏమనుకుంటాది?" అంది. "కాలం మారింది అత్తా" అన్నాను. కంచం, నీళ్ళ సీసా మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళాను. వాడికి వేరే నీళ్ళు పడవు, అందుకే. నాకు అలాంటి పట్టింపులు లేవు.

ప్రేమ కంచం చూసింది. "కంచం తెచ్చుకున్నావా అక్కా, మంచి పని చేసినావు. నాకు తోమే పని తప్పింది" అని పకపక నవ్వింది. మిగిలిన తల్లులూ నవ్వారు. ఆమె వెక్కిరించిందో, మామూలుగా అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒకరు కందిపప్పు, ఒకరు మునగాకు, ఒకరు గుడ్డు తెచ్చారు. అంగడి వాళ్ళం కదా అని నేను క్రీము బిస్కెట్లు, అదీ ఖరీదైనవి తీసుకెళ్ళాను. మేడమ్ వాటిని అటక మీద పెట్టించింది.

కొర్రలు వండి, మునగాకు పప్పు కలిపి, పైన కాస్త వేరుశనగల పొడి చల్లింది ప్రేమ. ఇంతా చేస్తే అంతే. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కంచాలు ముందు పెట్టి, తన పని తాను చూసుకుంది. బతిమాలడం లేదు, వెంటబడడం లేదు. కెజియా చేతులు, మూతి, గౌను అంతా పూసుకుంటూ తింటోంది, తిండికి తిమ్మరాజు. మా వాడు కాసేపు దాన్నే చూశాడు. తర్వాత వేలితో ఒక మెతుకు నాకాడు. తర్వాత చెయ్యి పెట్టాడు. చివరి ముద్దలు ప్రేమ కలిపి అందిస్తే నోరు తెరిచాడు.

నోరు తెరిచాడు! నేను రెండేళ్ళ నుంచి తెరిపించలేకపోయిన నోరు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జులై 16

ఈ రోజూ తిన్నాడు.

జులై 17

తిన్నాడు. కంచం నాకాడు.

జులై 20

ఇంట్లో నేనూ అదే చేశాను. అదే కొర్ర, అదే పప్పు, మునగాకు. వేరుశనగలు నేను దోరగా వేయించాను, ఆమె మాడుస్తుంది. వాడు చూసి మొహం తిప్పుకున్నాడు. "పిన్ని చేతిది కావాల" అన్నాడు. పిన్ని! ప్రేమ నన్ను అక్కా అంటుంది కాబట్టి వాడికి పిన్ని అయి కూర్చుంది.

పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? మా ఆయన ఆ మాటకు నవ్వి, "పుల్లకూర కాదులే, ఆ యమ్మి కూలికి పోతా గూడ బిడ్డను ఎంత బాగ సాకుతాందో చూడు" అన్నాడు. నేను కంచం ఎత్తి గొర్రెల దొడ్లో పారబోశాను. నా పప్పు గొర్రెలు తిన్నాయి. వాటికి నచ్చింది.

జులై 24

మేడమ్ ఈ రోజు ప్రేమ చేత మాట్లాడించి ఫోన్లో వీడియో తీసింది. ప్రేమ దానికోసం చర్చికి కట్టుకునే నీలం చీర కట్టుకుంది, తల్లో కనకాంబరాలు కూడా. భర్త ఇశ్రాయేలు గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పనికి పోయి ఉన్నాడు, ఆయనకు పంపాలని ఇంకో వీడియో అడిగి మరీ తీయించుకుంది. ఎంత మురిపెమో.

"మీ అమ్మాయి ఇంత ఇష్టంగా ఎలా తింటుంది?" అని అడిగింది మేడమ్.

"ఆకలైతే అదే అడుగుతాది మేడమ్. మద్దెలో నేనేం ఇయ్యను" అంది. మళ్ళీ తనే నవ్వింది. "ఇయ్యనీకి ఇంట్లో ఉంటే గదా!"

అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇదే ముఖ్యమైన మాట అన్నట్టు తల ఊపి, మా అందరి వైపు తిరిగి, "విన్నారా? మధ్యలో ఏమీ లేకపోతేనే భోజనానికి ఆకలి ఉంటుంది" అంది.

విన్నాను. బాగా విన్నాను.

జులై 28

మోక్షిత్ బరువు పెరిగాడు. ఎరుపు బిళ్ళ తీసి పసుపు అంటించారు. సంతోషమే. కన్నతల్లిని, సంతోషం కాక ఏముంటుంది?

సునీత "ప్రేమ చెయ్యి మంచిది" అంది. మా ఆయన "ప్రేమకు ఒక చీర పెడదామా" అన్నాడు. చివరికి మా అత్త కూడా, ఉమ్మిన నోటితోనే, "ఆ పిల్ల చేతిలో ఏందో ఉందమ్మా" అంది. వాణ్ణి తొమ్మిది నెలలు మోసింది నేను. కుట్లు పడింది నాకు. ఏడుస్తుంటే ఎత్తుకుని తిరిగేది నేను. పేరు ఆమెకు.

కుళ్ళు అంటారు దీన్ని. అననీ. ఇది నేనొక్కదాన్నే చదివే పుస్తకం. కుళ్ళే.

ఆగస్టు 2

పొద్దున కెజియా అగ్గిపెట్టెకు వచ్చింది. వాళ్ళమ్మ అక్కడ పొయ్యి ముందు కూర్చుని దీన్ని పంపిస్తుంది. అంగడికి వచ్చిన పిల్లలకు కొసరు ఇవ్వడం మా మామ ఉన్నప్పటి నుంచీ ఉన్న ఆచారం. చిన్న బెల్లం ముక్క, నాలుగు పుట్నాలు, ఏదో ఒకటి. కొసరు పెట్టని అంగడికి పిల్లలు రారు, పిల్లలు రాకపోతే పెద్దలూ రారు అనేవాడాయన.

బెల్లం డబ్బా అడుగున చీమలున్నాయి. అందుకని రింగుల పాకెట్టు ఒకటి తెంపి ఇచ్చాను. పాపం, వాళ్ళింట్లో ఇలాంటివి ఎక్కడుంటాయి? కెజియా వేలికి ఒక రింగు తొడుక్కుని, చేతులు తిప్పి తిప్పి చూసుకుని, ఒక్కొక్కటే తిన్నది. కళ్ళు ఇంతింత చేసుకుంది. ఇక్కడే కూర్చుని తిని పొమ్మన్నాను. అయ్యాక చేతులు కడిగి పంపాను. కారం చేత్తో కళ్ళు నలుపుకుంటుందని.

ఆగస్టు 3

కెజియా ఉప్పుకు వచ్చింది. ఇచ్చాను.

ఆగస్టు 5

కెజియా వచ్చింది. ఇచ్చాను.

ఆగస్టు 6

ఈ రోజు ఏ పనీ లేకుండానే వచ్చింది. ఇచ్చాను. కొసరే కదా.

ఆగస్టు 11

ప్రేమ ఇంట్లో కెజియా కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. ప్రేమ "తిను బంగారూ" అంది. అది మొహం తిప్పుకుంది. "ఏందే ఈ రోజు? జరమొచ్చిందా?" అని నుదురు పట్టుకుని చూసింది. మేడమ్ "ఒక్కోరోజు అంతే, బలవంతం చేయొద్దు" అంది. ప్రేమ మొహంలో మొదటిసారి కంగారు చూశాను. బతిమాలింది, నవ్వించింది, చివరికి కాకిని చూపించింది. రోజూ నేను పడే పాట్లే. ఆమె పడుతుంటే ఎలా ఉంటుందో చూడడం బాగుంది. రాయకూడదు కానీ బాగుంది.

మా వాడూ సగంలో లేచాడు. ఉక్కపోతకు కాబోలు.

ఆగస్టు 16

కెజియా మంచి పిల్ల. ఇంతకుముందు సరిగ్గా చూడలేదు. పొద్దున షట్టరు తీసే సరికి గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. "పెద్దమ్మా" అని పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకుంటుంది. నా కొడుకు ఒక్కనాడైనా నాకోసం అలా పరుగెత్తాడా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కో రింగూ నేనే నోట్లో పెడుతుంటే పిట్టపిల్లలా నోరు తెరుస్తుంది.

నా చేతి కోసం నోరు తెరిచే బిడ్డ ఒకటి ఉందన్నమాట.

మా ఆయన సరుకుకని మార్కాపురం పోతూ చూసి, "ఏందే, ప్రేమ కూతుర్ని దత్తుకు తీసుకున్నావా?" అని నవ్వాడు.

"మీరేగా చీర పెడదామన్నారు. నేను ఇది పెడుతున్నా" అన్నాను.

ఆగస్టు 22

మళ్ళీ తినలేదట. ఆమె బిడ్డ.

మావాడూ తినలేదు. కెజియా లేచిపోతే వాడూ లేచిపోతున్నాడు. దాని పక్కన కూర్చుని, అది తింటుంటే తినడం అలవాటు చేసుకున్నాడు వెధవ. అది కంచం తోసేస్తే వీడూ తోసేస్తాడు. ఇంటికొచ్చి పాకెట్టు తెంపుకుంటాడు. రెండు రోజుల్లో సర్దుకుంటాడు.

ఆగస్టు 27

ప్రేమ కెజియాను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నులి పురుగుల మందిచ్చాడట. ఆదివారం పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడట. ఊళ్ళో ఆడవాళ్ళంతా దిష్టి అంటున్నారు. వీడియోలు తీశారు, ఫోటోలు తీశారు, పది మంది కళ్ళు పడ్డాయి అంటున్నారు. అంగడి దగ్గర నిలబడే అన్నారు. నేను త్రాసులో చక్కెర పోస్తున్నాను. సగం కింద పోసుకున్నాను.

ఆగస్టు 28

ఈ రోజు కెజియాకు ఇవ్వలేదు. బెల్లం ముక్క ఇస్తే విసిరికొట్టింది. నేల మీద పడి దొర్లి ఏడ్చింది. అంగడి ముందు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా ఇటే చూశారు. ఇచ్చేశాను.

అయినా నేనేమన్నా విషం పెడుతున్నానా? నా కొడుకు తినేదే దానికీ ఇచ్చాను. నా కొడుక్కి పెట్టనిది ఇస్తే తప్పు.

(పై మాట రాశాక చాలాసేపు ముందుకు రాయలేకపోయాను.)

సెప్టెంబరు 4

తూకాలు.

కెజియాకు పసుపు. మేడమ్ రెండుసార్లు ఎక్కించి చూసింది. ఆకుపచ్చ బిళ్ళ గోరుతో గీకి తీస్తుంటే అట్ట కాస్త చినిగింది. ప్రేమ ఆ చినిగిన చోటునే చూస్తూ నిలబడింది. నీలం చీర కట్టుకుని వచ్చింది, ఈ రోజు కూడా వీడియో ఉంటుందనుకుందేమో.

"నేనేం తక్కువ చేయలే మేడమ్" అంది. "అట్లనే వండినా. అట్లనే పెట్టినా. కొలతలు గూడ మార్చలే."

"నీ తప్పని ఎవరూ అనడం లేదు ప్రేమకుమారీ" అంది మేడమ్. కానీ వంటలు కొన్నాళ్ళు ఆపుతామంది. కారణం తెలిసేదాకా ఆ ఇంటిని మిగతావాళ్ళకు చూపించడం సరికాదట.

ఎంత కాదన్నా ఒక క్షణం హాయిగా ఉంది. రెండు నెలల నుంచి గుండె మీద కూర్చున్నవాళ్ళెవరో లేచి పోయినట్టు. ఆ క్షణం అయ్యీ కాకముందే "మోక్షిత్" అని పిలిచారు.

ఎరుపు. జులైలో ఉన్నదానికంటే కింద.

మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "మీవాడు బాగా బరువు ఎక్కుతూ వచ్చాడు లక్ష్మీకుమారిగారూ. అలాగే ఇంకొన్నాళ్ళు సాగితే బయటపడేవాడు. ఇప్పుడు మళ్ళీ జారిపోయాడు. ఈ నెలలో పెరగకపోతే మార్కాపురం ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ఇది బరువు ఒక్కటే కాదు. చిన్న జ్వరం వచ్చినా తట్టుకోలేడు" అంది.

ఇంటికొచ్చి వాణ్ణి బట్టలిప్పి చూశాను. ఎముకలు తెలుస్తున్నాయి. రోజూ స్నానం చేయించే నేను ఇవి చూడలేదా? చూశాను.

సెప్టెంబరు 9

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

షట్టరు సగమే తీశాను. ప్రేమ వచ్చింది. చంకలో కెజియా, చేతిలో మూత పెట్టిన గిన్నె. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"అక్కా, సిగ్గిడిసి వచ్చినా. ఇది నిన్నటి నుంచి ఏం ముట్టలే. అంగడి పెద్దమ్మ పెడితే తింటా అంటాంది. నీ చేత్తో ఒక్క ముద్ద పెట్టక్కా. నీ చెయ్యి దానికి నచ్చినాదేమో."

నా చెయ్యి. ఈ మాట కోసమే కదా నేను రెండు నెలలు కాలిపోయింది. విన్నాను. విని ఏం చేయాలో తెలియక గిన్నె అందుకున్నాను. అందరికీ నేర్పిన ఆ కొర్రన్నమే, ఆ మునగాకు పప్పే. ముద్ద చేసి పెట్టాను. కెజియా ఆశగా నోరు తెరిచింది. నాలుకకు తగలగానే ఉమ్మేసింది.

"ఇది కాదు పెద్దమ్మా. రింగులు."

ప్రేమకు అర్థం కాలేదు. "ఏం రింగులే?" అంది.

కెజియా తల పైకెత్తి వేలితో పాకెట్ల తోరణాన్ని చూపించింది. తర్వాత తన పది వేళ్ళూ విప్పి నా ముందు చాపింది, రోజూ తొడుగుతాను కదా అని. అయ్యాక ఆ చేతులే నీళ్ళ బకెట్టు వైపు చాపింది. కడగమని. ఆ పిల్లకు అంతా ఒక వరస. తొడుక్కోవాలి, తినాలి, అమ్మ దగ్గరికి పోయేముందు కడుక్కోవాలి.

ప్రేమ పాకెట్లను చూసింది. బకెట్టును చూసింది. నన్ను చూసింది.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

"కొసరే ప్రేమా. అంగడికి వచ్చిన పిల్లలకు అందరికీ..."

"కొసరు ఇచ్చినోళ్ళు చేతులు కడిగి పంపరక్కా."

బీఎస్సీ చదివాను, ఒక్క మాట దొరకలేదు.

"నేనేమో దేవుని ముందర మోకాళ్ళు పట్టేదాంక ఏడ్చినా. నా చెయ్యి పాడైందేమో అనుకున్నా. పురుగుల మందు గూడ తాపించినా బిడ్డకు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఊరు మూగేది, ఎలాగో తప్పించుకునేదాన్ని. "నీ బిడ్డ మా ఇంట్లో తింటాంటే నాకెంత సంబరమయ్యేదో తెలుసా? నువ్వు నా బిడ్డ నోరు కట్టేసినావు."

మోక్షిత్ లోపలి నుంచి గొంతు విని వచ్చాడు. "పిన్నీ" అన్నాడు. గిన్నె చూశాడు. ప్రేమ నా చేతిలోంచి గిన్నె లాక్కుని మెట్టు మీద కూర్చుంది. "వండిన అన్నం పారెయ్యకూడదు" అంది, నాతో కాదు, తనలో తనే. వాడికి పెట్టింది. వాడు వారం రోజుల ఆకలితో తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె వాడి మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. కొంగుతో వాడి మూతి తుడిచి లేచింది.

"నా బిడ్డ ఇంక ఈ అంగడికి రాదు. నీ బిడ్డ మా ఇంటికి రావద్దు" అంది. కెజియా రింగుల కోసం గుక్కపట్టి ఏడుస్తుంటే భుజాన వేసుకుని పోయింది.

ఇంత జరిగింది. వాడు ఆమె చేతి ముద్దకు నోరు తెరుస్తుంటే, అప్పుడు కూడా, సిగ్గు కంటే ముందు నాకు వచ్చింది కుళ్ళే.

సెప్టెంబరు 10

తినలేదు.

సెప్టెంబరు 11

తినలేదు. రెండు బిస్కెట్లు.

సెప్టెంబరు 12

పాకెట్లన్నీ దించేశాను. గోనెసంచిలో కుక్కి మూతి కట్టి మంచం కింద తోశాను. మా ఆయన వచ్చి ఖాళీ తాడు చూసి, "నీకేమన్నా పిచ్చా? పిల్లలు వచ్చేదే వాటికోసం. అంగడి మూసుకోమంటావా?" అన్నాడు.

జరిగింది చెప్పాను, మొత్తం, చేతులు కడిగిన సంగతి కూడా. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మా నాయన ఉండుంటే నిన్ను ఈ బల్ల వెనక నిలబడనిచ్చేవాడు కాదు" అని లేచి బయటకు పోయాడు. తోరణం మాత్రం మళ్ళీ కట్టలేదు.

వాడు మంచం కింద దూరి సంచిని కొరుకుతున్నాడు. లాగితే నన్ను కరిచాడు.

సెప్టెంబరు 13

ప్రేమ ఇంటికి వెళ్ళాను. తలుపు వేసి ఉంది. లోపల పొయ్యి పొగ వస్తోంది. పిలిచాను. తీయలేదు.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ప్రేమ తప్పు లేదని, పాకెట్లు ఇచ్చింది నేనని. ఎందుకిచ్చావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "మీ బాబు ఈ రోజు ఏం తిన్నాడు?" అని అడిగింది.

సెప్టెంబరు 15

మధ్యాహ్నం వాడు కనపడలేదు. మంచం కింద లేడు, దొడ్లో లేడు. ప్రాణం పోయినంత పనైంది. అత్త బావి వైపు పరుగెత్తింది. నేను ఎటు పోయాడో తెలిసినట్టే ప్రేమ ఇంటికి పరుగెత్తాను.

తలుపు తీసి ఉంది. ఈ రోజు కూలి లేనట్టుంది. లోపల నేల మీద కెజియా, దాని పక్కన వీడు, ఇద్దరికీ ఒకటే కంచం. ప్రేమ ఎదురుగా కూర్చుని కలుపుతోంది. రావద్దని తనే అన్నా, వచ్చిన బిడ్డను తరమలేకపోయినట్టుంది. "చూడు, వాడు తింటాండాడు. నువ్వే ఓడిపోయినావు" అంటోంది కూతురితో. కెజియా మూతి ముడుచుకునే ఉంది. వీడు నోరు తెరిచాడు. అది వీడి నోటి వంక చూసింది. చూసి చూసి అదీ కొంచెం తెరిచింది.

నేను గడప మీద కాలు పెట్టాను. ప్రేమ తల ఎత్తింది. కోపం లేదు ఆ మొహంలో, నా మీద వృథా చేయడానికి తీరిక లేదన్నట్టు ఉంది.

"వాడు తినేదాంక లోపలికి రావద్దక్కా" అంది మెల్లగా, పిల్లలకు వినపడకుండా. "నిన్ను చూస్తే లేస్తాడు."

నా కొడుకు నన్ను చూస్తే లేస్తాడు. అబద్ధమని అరవాలనిపించింది. వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోవాలనిపించింది. రెండేళ్ళు ముక్కు మూసి, ఫోను చూపించి, ఇల్లంతా తరిమి పెట్టిన ముద్దలన్నీ గుర్తొచ్చాయి. వాడు నన్ను చూసినప్పుడల్లా అవే గుర్తొస్తాయేమో.

కాలు వెనక్కి తీసుకున్నాను. గోడ పక్కకు జరిగి, వాడికి నా నీడ కూడా కనపడకుండా నిలబడ్డాను. నెత్తిన ఎండ కొడుతోంది. దారిన పోయేవాళ్ళు నన్ను చూసుకుంటూ పోతున్నారు. లోపల వాడు ఏదో అన్నాడు, ప్రేమ నవ్వింది, వాడూ నవ్వాడు. కడుపు రగిలిపోయింది. రగలనీ అనుకున్నాను. కదల్లేదు.

లోపల మోక్షిత్ ఇంకో ముద్ద అడిగాడు.